శాఖా గ్రంథాలయంలో దినపత్రికలు కాక ఇంకేమి దొరుకుతాయి? (చర్చ)

కాలువగట్టు

సభ్యులందరికీ నమస్కారం. ఉద్యోగ విరమణ తరువాత మేము గుంటూరు ప్రాంతంలోని మా సొంత ఊరికి తిరిగి వచ్చాము. ఇది చిన్న పురపాలక పట్టణం. ఇంటి పన్ను డిమాండు నోటీసులో గ్రంథాలయ సెస్సు అనే పద్దు విడిగా కనిపించడంతో, సొమ్ము ఎలాగూ కడుతున్నాము కదా అని మా వార్డుకు దగ్గరలో ఉన్న శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. ముందు గదిలో పొడవాటి బల్ల మీద దినపత్రికలు పరచి ఉన్నాయి. చదివేవారు పదిమందికి తక్కువ లేరు. వెనుక గదిలో గోడ పొడవునా ఇనుప బీరువాలు, వాటి నిండా పుస్తకాలు ఉన్నాయి కానీ అన్నింటికీ తాళాలు వేసి ఉన్నాయి. ఆ అద్దాల మీద దుమ్ము వల్ల పుస్తకాల వెన్నుల మీది పేర్లు కూడా సరిగా కనిపించడం లేదు. గ్రంథపాలకుడిని అడిగితే ఆయన మర్యాదగానే, "మీకు ఏ పుస్తకం కావాలో పేరు చెప్పండి, తీసి ఇస్తాను" అన్నారు. లోపల ఏమున్నాయో తెలియనివాడిని పేరు ఎలా చెప్పగలను?

సభ్యత్వం ఎలా తీసుకోవాలి, ఇంటికి పుస్తకాలు ఇస్తారా, పత్రికలు కాక మరే సేవలు అక్కడ దొరుకుతాయి, ఆ బీరువాలు తెరిపించే మార్గం ఏమైనా ఉందా అన్నవి నా ప్రశ్నలు. అనుభవజ్ఞులు వివరంగా చెప్పగలరని మనవి.

విశ్రాంత గ్రంథపాలకుడు

కాలువగట్టు గారూ, మీ ప్రశ్నలు నేను సర్వీసులో ఉన్నంతకాలం విన్నవే. ముందు ఆ సెస్సు సంగతి చెబుతాను. ఆంధ్ర ప్రాంతంలో 1948 నాటి మద్రాసు చట్టం, తెలంగాణ ప్రాంతంలో 1955 నాటి హైదరాబాదు చట్టం అమలులో ఉండగా, రెండింటినీ కలిపి 1960లో ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం తెచ్చారు. దాని ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. మీ పన్ను మూడు వేల రూపాయలు అనుకుంటే 240 రూపాయలు గ్రంథాలయానివి. పంచాయతీ గానీ పురపాలక సంఘం గానీ దానిని వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. జిల్లా కేంద్ర గ్రంథాలయం, పట్టణాల్లోని శాఖలు, పల్లెల్లోని గ్రామీణ గ్రంథాలయాలు, పుస్తక నిక్షిప్త కేంద్రాలు అన్నీ ఆ సంస్థ కిందివే. కాబట్టి అక్కడికి వెళ్లి పుస్తకం అడగడానికి ఎవరూ మొహమాటపడనక్కరలేదు.

సభ్యత్వం తేలికైన పని. దరఖాస్తు నింపి, చిరునామాకు ఆధారం చూపించి, ధరావతు కట్టాలి. ఆ మొత్తం చిన్నదే. సభ్యత్వం వదులుకునేటప్పుడు పుస్తకాలన్నీ అప్పగించి ధరావతు తిరిగి తీసుకోవచ్చు కనుక రసీదు జాగ్రత్త చేసుకోండి. కొన్నిచోట్ల ధరావతుతో పాటు స్థానికుల హామీ సంతకం కూడా అడుగుతారు. పత్రికలు చదువుకోవడానికి, అక్కడే కూర్చొని పుస్తకం చూసుకోవడానికి సభ్యత్వంతో పని లేదు.

ఇక తాళాల సంగతి. పాఠకులు దీనిని గ్రంథపాలకుడి బద్ధకంగా భావిస్తారు. కొందరి విషయంలో అది నిజమే కావచ్చు కానీ అసలు కారణం వేరే ఉంది. గ్రంథాలయంలోకి వచ్చిన ప్రతి పుస్తకానికీ యాక్సెషన్ రిజిస్టరులో, అంటే వచ్చిన పుస్తకాలను వరుసగా నమోదు చేసే పుస్తకంలో, ఒక సంఖ్య పడుతుంది. ఆ సంఖ్యను ముఖపత్రం మీద, లోపల ముందే నిర్ణయించుకున్న మరొక పుట మీద కూడా వేస్తారు. మొదటి కాగితం చింపేసినా పుస్తకం ఎవరిదో పట్టుకోవడానికి ఈ ఏర్పాటు. నిల్వల తనిఖీలో ఆ సంఖ్య గల పుస్తకం కనిపించకపోతే సంజాయిషీ చెప్పవలసింది, చాలా సందర్భాల్లో సొమ్ము కట్టవలసింది గ్రంథపాలకుడే. సహాయకుడు కూడా లేని ఒంటరి ఉద్యోగి ముందు గదిలో పత్రికలు చూసుకుంటూ వెనుక గదిలో తెరిచిన బీరువాలకు కాపలా ఉండలేడు. తాళం అక్కడి నుంచి వచ్చింది. దీనిని సమర్థించడం లేదు. కారణం తెలిస్తే ఎలా అడగాలో తెలుస్తుందని చెబుతున్నాను.

పుస్తకం పేరు అక్కరలేదు, విషయం చెప్పండి. మన పౌర గ్రంథాలయాల్లో ఎక్కువగా డ్యూయీ దశాంశ పద్ధతిలో పుస్తకాలు సర్దుతారు. పుస్తకం వెన్ను మీద అతికించిన చీటీ మీద ఆ అంకె ఉంటుంది. తెలుగు సాహిత్యానికి 894.827, వైద్యానికి 610, వ్యవసాయానికి 630, వంటకు 641, జీవిత చరిత్రలకు 920. "894.827 ఉన్న బీరువా ఒకసారి తెరిస్తే ఇక్కడే మీ ఎదుట నిలబడి చూసుకుంటాను" అని అడిగిన పాఠకుడికి తాళం తీయని గ్రంథపాలకుడు అరుదు.

కథాప్రియ

విశ్రాంత గ్రంథపాలకుడు గారి వివరణ బాగుంది. నా ఇబ్బంది మాత్రం ఇంకొకటి. మా ఊరి గ్రంథాలయంలో తాళాలు లేవు కానీ కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉదయం తలుపు తీయకముందే పోటీ పరీక్షల అభ్యర్థులు వరుసకట్టి ఉంటారు. తెరవగానే సంచులు, నీళ్ల సీసాలు పెట్టి బల్లలన్నీ ఆక్రమిస్తారు. వారు చదివేవి గ్రంథాలయ పుస్తకాలు కావు, తాము తెచ్చుకున్న కోచింగ్ మెటీరియలే. నవల చదువుకుందామని వచ్చిన గృహిణికి, పత్రిక చూద్దామని వచ్చిన వృద్ధుడికి చోటు దొరకడం లేదు. పౌర గ్రంథాలయం ఉన్నది ఇందుకేనా?

గ్రూప్స్ అభ్యర్థి

కథాప్రియ గారూ, మీరు చెప్పిన ఆ సంచులూ సీసాలూ మావే కాబట్టి సమాధానం చెప్పుకోవలసిన బాధ్యత నాది. మాది మారుమూల మండలం. పట్టణంలో ఒక గదిలో నలుగురం అద్దెకు ఉంటున్నాము. ఆ గదిలో ఒకరు పడుకుంటే ఇంకొకరు దీపం వేసుకొని చదవలేరు. ప్రైవేటు స్టడీ హాళ్లలో నెలకు అడిగే డబ్బు మా భోజనం ఖర్చుతో సమానంగా ఉంటుంది. ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం, చుట్టూ మాలాగే చదువుకునేవారు, ఇవన్నీ ఉచితంగా దొరికే చోటు గ్రంథాలయం ఒక్కటే. హైదరాబాదులో చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయాన్ని చూసినవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. అక్కడ లోపల చోటు చాలక చెట్ల కింద కుర్చీలు వేసుకొని, ఒడిలో అట్ట పెట్టుకొని చదివేవారు ఎప్పుడూ కనిపిస్తారు.

మేము గ్రంథాలయ పుస్తకాలు చదవమన్నది పూర్తిగా నిజం కాదు. అకాడమీ ప్రచురణలు, పాత పాఠ్యపుస్తకాలు, ఆర్థిక సర్వేలు, వార్షిక సంపుటాలు, ఉద్యోగ ప్రకటనల వారపత్రికలు మేము అక్కడే చూస్తాము. అయితే అవి తరచుగా రెండు మూడేళ్ల పాతవి అయి ఉంటాయి. అందుకే సొంత పుస్తకాలు తెచ్చుకోవలసి వస్తోంది.

కథాప్రియ

మీ పరిస్థితి అర్థమైంది, మాట పరుషంగా అనిపించి ఉంటే మన్నించండి. చదువుకునేవారి మీద నాకు ఫిర్యాదు లేదు. ఒకే గదిలో అందరి అవసరాలూ తీర్చాలని చూసే ఏర్పాటు మీదే నా అభ్యంతరం. అభ్యర్థులకు విడిగా ఒక హాలు, సాధారణ పాఠకులకు కొన్ని కుర్చీలైనా కేటాయింపు ఉంటే ఈ గొడవే ఉండదు.

విశ్రాంత గ్రంథపాలకుడు

ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. నా అనుభవం ఒకటి చెబుతాను. అభ్యర్థులు రోజంతా ఉంటారు కానీ వారిలో చాలామంది సందర్శకుల రిజిస్టరులో సంతకం చేయరు, పుస్తకం తీసుకోరు. ఏ శాఖ అయినా నెలనెలా పైకి పంపే నివేదికలో ఎంతమంది వచ్చారు, ఎన్ని పుస్తకాలు ఇంటికి ఇచ్చారు, ఎంతమంది కొత్త సభ్యులు చేరారు అన్న అంకెలే ఉంటాయి. కొత్త కుర్చీలు, అదనపు గది, సహాయకుడి పోస్టు, పుస్తకాల కేటాయింపు అడిగినప్పుడు పైఅధికారి మొదట చూసేది ఆ కాగితమే. వందమంది కూర్చున్న హాలు కాగితం మీద పాతికమందిగా కనిపిస్తే, ఆ శాఖకు ఉన్న సదుపాయం చాలునని తేల్చేస్తారు. కాబట్టి అభ్యర్థి గారూ, మీ మిత్రులందరి చేతా రోజూ సంతకం చేయించండి, సభ్యత్వం తీసుకోమనండి. మీరు అడిగే కొత్త పుస్తకాలకు అంతకంటే బలమైన సిఫారసు లేదు.

పాఠకుల సూచనల పుస్తకం ప్రతి శాఖలోనూ ఉండాలి. బల్ల మీద కనిపించకపోతే అడగండి. ఫలానా పుస్తకం కావాలని రచయిత పేరు, ప్రచురణకర్త పేరుతో అందులో రాస్తే, కొనుగోలు జాబితా తయారుచేసేటప్పుడు గ్రంథపాలకుడికి అది ఆధారంగా పనికొస్తుంది. జిల్లా సంస్థ సొంత నిధులతో కొనేవి కాక, కలకత్తాలోని రాజా రామమోహనరాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ సాయంతో వచ్చేవి కూడా ఉంటాయి. 1972లో ఏర్పడిన ఆ సంస్థ రాష్ట్రం ఇచ్చే వాటాకు తన వాటా కలిపి పుస్తకాలు సమకూరుస్తుంది. మీరు తీసుకునే చాలా పుస్తకాల మీద దాని ముద్ర కనిపిస్తుంది.

ఓరుగల్లు వాసి

తెలంగాణలోనూ ఇదే చట్టం కొనసాగుతున్నది కనుక పై వివరాలన్నీ మాకూ వర్తిస్తాయి. వేళల విషయం ఒకటి చేర్చాలి. మా శాఖా గ్రంథాలయం ఉదయం కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు మాత్రమే తెరుస్తారు, శుక్రవారం సెలవు. ఉద్యోగానికి వెళ్లేవారికి ఆదివారం తెరిచి ఉండటం మేలే, కానీ కొత్తవారు శుక్రవారం వెళ్లి తాళం చూసి గ్రంథాలయం మూతపడిందనుకుంటారు. పూర్తి పొద్దు తెరిచి ఉండేది జిల్లా కేంద్ర గ్రంథాలయమే.

పాతపత్రికలు

ఈ చర్చలో శాఖా గ్రంథాలయం గురించే మాట్లాడుకుంటున్నాము. అక్కడ దొరకని దాని కోసం ఎక్కడికి వెళ్లాలో తెలుసుకోవడం కూడా పాఠకుడికి అవసరమే. నేను తెలుగు పత్రికల చరిత్ర మీద పనిచేస్తున్నాను. నాకు కావలసినవి మా జిల్లాలో ఎక్కడా లేవు.

వేటపాలెంలోని సారస్వత నికేతనం 1918లో మొదలైంది. 1929లో గాంధీజీ అక్కడికి వచ్చారు. చీరాలకు కూతవేటు దూరంలో ఉన్న ఆ చిన్న ఊరికి దేశవిదేశాల పరిశోధకులు వెతుక్కుంటూ రావడానికి కారణం అక్కడ భద్రపరచిన పాత దినపత్రికలు, మాసపత్రికలే. పాత సంపుటం అడిగినప్పుడు వారు దానిని బల్ల మీద పరచి ఇస్తారు. అంచులు పట్టుకుంటే పొడిపొడిగా రాలే కాగితం కాబట్టి పుట తిప్పేటప్పుడు కింద అరచేయి ఆనించి తిప్పాలని, కలం పక్కన పెట్టి పెన్సిలుతో రాసుకోవాలని మొదటే చెబుతారు. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం ఇంకా పాతది, 1898లో మొదలైనది. అరుదైన ముద్రిత గ్రంథాలతో పాటు తాళపత్రాలు కూడా అక్కడ ఉన్నాయి. హైదరాబాదు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901 నాటిది. హనుమకొండలోని రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం 1904 నాటిది. నిజాం కాలంలో తెలుగు చదువు కోసం వెలసిన ఈ సంస్థల్లో ఆ కాలపు పుస్తకాలు ఇప్పటికీ దొరుకుతాయి.

అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలై 1936లో మూసీ ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. తెలుగుతో పాటు ఉర్దూ, పారశీక, ఆంగ్ల గ్రంథాలు అక్కడ విస్తారంగా ఉన్నాయి. స్వాతంత్ర్యానంతరం అచ్చయిన తెలుగు పుస్తకం ఎక్కడా దొరకకపోతే చెన్నైలోని కన్నెమరా గ్రంథాలయంలో అడగండి. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం ప్రతిని ప్రచురణకర్త కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై కన్నెమరాకూ, ముంబాయి, ఢిల్లీ గ్రంథాలయాలకూ పంపవలసి ఉంది. పంపని ప్రచురణకర్తలు కొల్లలు, అది వేరే సంగతి.

వీటిలో దేనికి వెళ్లినా ముందుగా ఉత్తరమో ఫోనో చేసి, కావలసిన పత్రిక పేరు, సంవత్సరం, వీలైతే నెల చెప్పి వెళ్లండి. "స్వాతంత్ర్యోద్యమం మీద ఏమైనా ఉన్నాయా" అని అడిగితే వారు చేయగలిగినది తక్కువ.

ఇద్దరు పిల్లల తల్లి

పిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. మా శాఖలో బాలల విభాగం అంటే కిటికీ పక్కన ఒక తక్కువ ఎత్తు బల్ల, ఒక తెరిచిన అర, అంతే. కానీ వేసవి సెలవుల్లో అక్కడ నిర్వహించే విజ్ఞాన శిబిరం వల్ల మా పిల్లలకు ఆ చోటు అలవాటైంది. ఉదయం పూట కథలు చదివించడం, చదివిన కథను సొంత మాటల్లో చెప్పించడం, బొమ్మలు వేయించడం, చదరంగం, పద్యాలు నేర్పడం వంటివి ఉంటాయి. రుసుము లేదు. విశ్రాంత ఉపాధ్యాయులు ఒకరిద్దరు తమంతట తామే వచ్చి చెబుతారు. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన, వక్తృత్వ పోటీలు పెడతారు. బడికి కబురు రాకపోయినా నేరుగా వెళ్లి పేరు ఇవ్వవచ్చు.

ఒక చిన్న ఇబ్బంది చెప్పాలి. పిల్లల పుస్తకాల్లో నీతికథలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. అయిదో తరగతి పిల్లవాడికి నక్షత్రాల గురించో, పాముల గురించో, యంత్రాల గురించో తెలుగులో చదవాలని ఉంటే ఇవ్వడానికి పుస్తకం లేదు. సూచనల పుస్తకం సంగతి ఇప్పుడు తెలిసింది కనుక అందులో ఇదే రాస్తాను.

శ్రవణపాఠకుడు

నేను చూపు లేనివాడిని. ఈ చర్చను స్క్రీన్ రీడర్ సాయంతో వింటున్నాను. శాఖా గ్రంథాలయం ముందు మెట్లు ఎక్కడమే నాకు కష్టం, ఎక్కినా నేను చదవగలిగినది లోపల లేదు. అయినా నాలాంటివారికి ఒక దారి ఉంది కాబట్టి చెబుతున్నాను. 2016లో కేంద్ర ప్రభుత్వ దివ్యాంగుల సాధికారత విభాగం, అచ్చు చదవలేనివారికి పుస్తకాలు అందించే సంస్థల కూటమి అయిన డైసీ ఫోరం ఆఫ్ ఇండియా కలిసి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయాన్ని ప్రారంభించాయి. అచ్చు చదవలేనివారు వైకల్య ధ్రువపత్రం చూపి, ఫోరంలో సభ్యత్వం ఉన్న ఏదైనా సంస్థ ద్వారా నమోదు చేసుకుంటే పుస్తకాలను వినే రూపంలో గానీ, బ్రెయిలీలో ముద్రించుకునే రూపంలో గానీ దించుకోవచ్చు. భారతీయ భాషల పుస్తకాలు అందులో ఉన్నాయి కానీ, తెలుగులో నేను వెతికినవాటిలో దొరికినవి తక్కువ. 2012లో కాపీరైటు చట్టానికి చేసిన సవరణ వల్ల, అచ్చు చదవలేనివారి కోసం పుస్తకాన్ని అనుకూల రూపంలోకి మార్చడానికి రచయిత అనుమతి అక్కరలేదు. మార్చే చేతులే చాలడం లేదు.

ప్రతి జిల్లా కేంద్ర గ్రంథాలయంలో ఒక కంప్యూటరు, తెలుగు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, ఒక జత హెడ్‌ఫోన్లు పెట్టడం పెద్ద ఖర్చు కాదు. పోటీ పరీక్షలకు చదివే చూపు లేని అభ్యర్థులు కూడా ఉన్నారని గ్రూప్స్ అభ్యర్థి గారు గమనించాలి.

గ్రూప్స్ అభ్యర్థి

తప్పకుండా. మా హాలులో అలాంటి మిత్రుడు ఒకరు ఉన్నారు, మేము వంతులవారీగా చదివి ఆయన ఫోనులో రికార్డు చేస్తాము. సుగమ్య పుస్తకాలయ సంగతి ఆయనకు ఈ రోజే చెబుతాను.

డాలస్ తెలుగు

మా తాతగారు కృష్ణా జిల్లాలో ఉపాధ్యాయులుగా పనిచేసి, జీవితమంతా పుస్తకాలు కొన్నారు. ఊళ్లోని ఇల్లు అమ్మవలసి వస్తోంది, నాలుగు బీరువాల పుస్తకాలు ఉన్నాయి. వాటిని ఊరి గ్రంథాలయానికి ఇద్దామని మా బాబాయి గారు వెళ్లి అడిగితే, చోటు లేదని తీసుకోలేదట. ఉచితంగా ఇస్తామన్నా వద్దంటే మనసుకు కష్టంగా ఉంది. అమెరికాలో కూర్చొని నేను చేయగలిగినది ఏమైనా ఉందా?

విశ్రాంత గ్రంథపాలకుడు

మీ బాధ అర్థం చేసుకోగలను. గ్రంథపాలకుడి వైపు నుంచి కూడా చూడండి. విరాళంగా వచ్చిన పుస్తకాన్నీ రిజిస్టరులో ఎక్కించాలి, సంఖ్య వేయాలి, చీటీ అతికించాలి, ఆ తరువాత దానికి జవాబుదారీ ఆయనే. చెదలు పట్టిన కట్ట ఒకటి లోపలికి వస్తే మిగిలిన బీరువాలకు పాకుతుంది. అట్టపెట్టెల్లో ఏముందో తెలియకుండా తీసుకొమ్మంటే ఎవరైనా వెనుకాడతారు.

ముందు జాబితా రాయించండి. పుస్తకం పేరు, రచయిత, అచ్చయిన సంవత్సరం, ప్రస్తుత స్థితి, ఈ నాలుగూ ఉంటే చాలు. ఊళ్లో ఇంటర్ చదివే పిల్లలకు కొంత పారితోషికం ఇస్తే ఫోనులో ఫొటోలు తీసి మీకే పంపుతారు, జాబితా మీరే తయారుచేసుకోవచ్చు. ఇప్పటి పాఠకులు అడిగే నవలలు, కథలు, జీవిత చరిత్రలు, నిఘంటువులు అయితే జిల్లా గ్రంథాలయ సంస్థ కార్యదర్శికి జాబితాతో ఉత్తరం రాయండి. ఒక శాఖలో చోటు లేకపోతే ఇంకొక శాఖకు కేటాయించే అధికారం ఆయనకు ఉంటుంది. వీలైతే పుస్తకాలతో పాటు ఒక బీరువా కూడా కొనిస్తామని రాయండి, చోటు లేదన్న అభ్యంతరం చాలావరకు దానితోనే తీరుతుంది. 1947కు ముందు అచ్చయినవి, పాత పత్రికల సంపుటాలు ఉంటే వాటిని శాఖకు ఇవ్వవద్దు. పాతపత్రికలు గారు చెప్పిన పెద్ద గ్రంథాలయాల్లో అయితే వాటి విలువ తెలిసి దాచుతారు.

పాతపత్రికలు

డాలస్ తెలుగు గారూ, ఆ జాబితా దయచేసి ఇక్కడ కూడా పెట్టండి. ఇచ్చేముందు అరుదైనవాటిని స్కాన్ చేయించడం మంచిది. 2000 తరువాతి సంవత్సరాల్లో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. తరువాత ఆ సైటు పనిచేయడం మానేసినా, వాటిలో చాలా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత సైటులో ఉన్నాయి. మన దేశంలో రచయిత మరణించిన తరువాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు గడిస్తే ఆ రచన అందరిదీ అవుతుంది కనుక, అటువంటి వాటిని ఎవరైనా పుస్తకాలు చేర్చగల ఆన్‌లైన్ గ్రంథాలయమైన తెలుగు వికీసోర్స్‌లోనూ చేర్చవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నిర్వహించే భారత జాతీయ డిజిటల్ గ్రంథాలయంలో ఉచితంగా నమోదు చేసుకొని వెతకవచ్చు. ఇంటర్నెట్ సదుపాయం ఉన్న శాఖల్లో గ్రంథపాలకుడిని అడిగితే ఇవి చూపిస్తారు. స్కాన్ పుటలు మసకగా ఉన్నా, పుటలు తప్పిపోయినా విసుక్కోకండి, అసలు ప్రతి ఏ గ్రంథాలయం ముద్రతో ఉందో మొదటి పుటలో చూసి అక్కడికే వెళ్లి సరిచూసుకోవచ్చు.

పద్దుల గుమాస్తా

పురపాలక సంఘం పన్నుల విభాగంలో పనిచేసినవాడిగా సెస్సు గురించి ఒక మాట. ఇంటి యజమాని కట్టిన పన్నులో ఈ పద్దు విడిగా లెక్కలో పడుతుంది. కానీ సొమ్ము ఒకే ఖాతాలోకి వస్తుంది. జీతాలు, వీధిదీపాల కరెంటు బిల్లు, పారిశుద్ధ్యం అన్నీ నెత్తి మీద ఉన్నప్పుడు, గట్టిగా అడగని గ్రంథాలయ సంస్థ వాటా వెనక్కి పోతుంది. ఇలా స్థానిక సంస్థల వద్ద బకాయిలు పేరుకుపోవడం కొత్తేమీ కాదు, పత్రికల్లో తరచుగా వచ్చే వార్తే. మీరు కట్టినదంతా గ్రంథాలయానికి చేరిందో లేదో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. గత ఆర్థిక సంవత్సరంలో వసూలైన గ్రంథాలయ సెస్సు ఎంత, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసినది ఎంత, బకాయి ఎంత అని మూడే ప్రశ్నలు అడగండి. ఎందుకు జమ చేయలేదని అడగవద్దు. కారణాలు చెప్పవలసిన పని లేదని దరఖాస్తును పక్కన పెట్టేస్తారు.

ఓరుగల్లు వాసి

ఏ పార్టీ వచ్చినా సంస్థల అధ్యక్ష పదవులు తమవారికి కట్టబెట్టడమే తప్ప...

నిర్వాహకులు

ఓరుగల్లు వాసి గారి వ్యాఖ్యలో మిగిలిన భాగం తొలగించాము. రాజకీయాలకు వేరే విభాగం ఉంది. దయచేసి గ్రంథాలయ సేవలకే పరిమితం కాగలరు.

కాలువగట్టు

అందరికీ కృతజ్ఞతలు. మీరు చెప్పినట్టే వెళ్లి 894.827 బీరువా తెరవమని అడిగాను. ఆయన నవ్వి, "ఈ అంకె మీకెవరు చెప్పారు?" అంటూనే తాళం తీశారు. సగం పుస్తకాల వెనుక గడువు చీటీ మీద చివరి తేదీ ఎప్పటిదో చూస్తే చాలాకాలంగా ఎవరూ తీసుకోలేదని తెలిసింది. దరఖాస్తు ఇచ్చి, ధరావతు కట్టి, సందర్శకుల రిజిస్టరులో సంతకం చేసి, ఒక కథల సంపుటి, ఒక జీవిత చరిత్ర తెచ్చుకున్నాను. సూచనల పుస్తకం అడిగితే బల్ల సొరుగులోంచి తీశారు, అందులో రాసిన పుటలు తక్కువే. ఇద్దరు పిల్లల తల్లి గారు చెప్పిన పిల్లల విజ్ఞాన పుస్తకాల మాట నేనూ మా శాఖలో రాసి వచ్చాను.

ఒక సందేహం మిగిలింది. గడువులోగా చదవడం పూర్తికాకపోతే పుస్తకం తిరిగి తీసుకువెళ్లి చూపించాలా, ఫోనులో చెబితే సరిపోతుందా?

విశ్రాంత గ్రంథపాలకుడు

తీసుకువెళ్లి చూపించాలి. అది మీ దగ్గర భద్రంగా ఉందని గ్రంథపాలకుడు కళ్లారా చూడాలి కాబట్టి నియమం అలా ఉంది. ఆ పుస్తకం కోసం వేరే పాఠకుడు ఎవరూ అడిగి ఉండకపోతే కొత్త తేదీ ముద్ర వేసి ఇస్తారు. గడువు దాటితే రోజుకు ఇంత అని చిన్న జరిమానా ఉంటుంది, రసీదు తీసుకోండి. ఎవరైనా ముందుగా అడిగి ఉంటే మాత్రం మీరు అప్పగించక తప్పదు. అప్పుడు మీ పేరు కూడా ఆ పుస్తకానికి రాయించి రండి, అది తిరిగి రాగానే మీకు కబురు చేస్తారు.